లీటరు నూనె 910 గ్రాములు తూగితే మోసపోయినట్టు కాదు

"లీటరు నూనె ప్యాకెట్‌ను కాటా మీద పెట్టి చూడండి, 910 గ్రాములే ఉంటుంది. ప్రతి లీటరులో 90 గ్రాములు కొట్టేస్తున్నారు. సీసా మూతి దగ్గర ఖాళీ వదిలేదీ, అడుగున గుంట పెట్టేదీ ఇందుకే. కిలో ఇచ్చే వరకు కొనకండి" అన్న సందేశం వాట్సాప్‌లో చేతులు మారుతూనే ఉంది. చదువుకున్నవాళ్లు కూడా నమ్మి పంపుతున్నారు. ఇందులోని ఒక్కో ఆరోపణనూ విడిగా చూడాలి, ఎందుకంటే ఒకదానిలో మాత్రం కొంత నిజం ఉంది.

ముందు ఆ 90 గ్రాముల సంగతి. లీటరు చోటుకు కొలత, కిలో తూకానికి కొలత. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి సెంటీమీటర్లున్న పెట్టెలో పట్టేది లీటరు. అందులో నీళ్లు పోస్తే దాదాపు కిలో తూగుతాయి. ఆ లెక్క నీటికి సరిపోయింది కదా అని అన్నింటికీ సరిపోదు. గాజు గ్లాసులో నీళ్లు పోసి, పైన నూనె వేసి దీపం వెలిగించే ఇళ్లలో ఈ సంగతి రోజూ కళ్ల ముందే ఉంటుంది. నూనె నీటికన్నా తేలిక కాబట్టే పైన నిలుస్తుంది. పొద్దుతిరుగుడు, వేరుశనగ, సోయా నూనెలు ఏవైనా మామూలు వేడిమిలో లీటరుకు 910 నుంచి 920 గ్రాముల మధ్యే ఉంటాయి. లీటరు తేనె అయితే సుమారు 1,400 గ్రాములు తూగుతుంది. అంతమాత్రాన తేనె అమ్మినవాడు 400 గ్రాములు అదనంగా ఇచ్చినట్టు కాదు.

ఈ తేడా తెలియకపోతే డబ్బు పోయేది మరోచోట. గానుగ దగ్గర కిలో లెక్కన అమ్మే నూనెను, దుకాణంలో లీటరు లెక్కన దొరికే నూనెతో నేరుగా పోల్చేస్తుంటాం. కిలో నూనె అంటే దాదాపు 1.1 లీటర్లు. గానుగలో కిలో 300 రూపాయలు, దుకాణంలో లీటరు 280 అనుకుందాం. చూడటానికి దుకాణమే చవక. కానీ 280 రూపాయలకు వచ్చింది 910 గ్రాములే కాబట్టి కిలో 307 రూపాయలు దాటుతుంది.

మూతి దగ్గరి ఖాళీ గురించి. సీసా అంచు వరకు పట్టే పరిమాణం వేరు, లేబుల్ మీద రాసిన పరిమాణం వేరు. లీటరు సీసాను లీటరు కన్నా కాస్త ఎక్కువ పట్టేలాగే చేస్తారు. నూనె వేడికి వ్యాకోచిస్తుంది. 20 డిగ్రీల దగ్గర నింపిన లీటరు నూనె, మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో 45 డిగ్రీల ఎండలో లారీలో నిలబడితే సుమారు 19 మిల్లీలీటర్లు పెరుగుతుంది. ఆ ఖాళీ లేకపోతే మూత దగ్గర కారిపోతుంది.

అడుగున గుంటకూ కొలతకూ సంబంధం లేదు. లోపల పోసిన నూనెనే లేబుల్ మీద రాస్తారు. సీసా బయటి ఆకారం ఎలా ఉన్నా ఆ లెక్క మారదు. పలుచని ప్లాస్టిక్ అడుగు చదునుగా ఉంటే బరువుకు ఉబ్బి, సీసా సరిగ్గా నిలబడదు. కూల్‌డ్రింక్ సీసాల అడుగున కాళ్లలాంటి మడతలు లోపలి గ్యాస్ ఒత్తిడిని తట్టుకోవడానికే. అనుమానం తీరకపోతే ఇంట్లోనే తేల్చుకోవచ్చు. మూత తీయకముందే నూనె మట్టం దగ్గర పెన్నుతో గీత పెట్టండి. సీసా ఖాళీ అయ్యాక కడిగి, ఆరబెట్టి తూచండి. గీత వరకు నీళ్లు పోసి మళ్లీ తూచండి. తేడా ఎన్ని గ్రాములో దాదాపు అన్ని మిల్లీలీటర్లు. 30 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లు 996 గ్రాములే తూగుతాయి కాబట్టి ఆ నాలుగు గ్రాములకు కంగారు పడనక్కర్లేదు. గుంటలున్నా, నడుము సన్నగా ఉన్నా ఈ పద్ధతిలో లెక్క తప్పదు.

ఇక లీటరులో నూనె కొట్టేస్తున్నారన్న ఆరోపణలో నిజం ఉన్న చోటు. "పలానా ఉష్ణోగ్రత వద్ద లీటరు" అని సన్న అక్షరాల్లో రాయడం కొనేవాళ్లకు నష్టంగా ఉండేది. కొందరు తయారీదారులు ఏకంగా 60 డిగ్రీలని రాసేవారు. లీటరు సోయా నూనె 21 డిగ్రీల దగ్గర 919.1 గ్రాములు, 60 డిగ్రీల దగ్గర 892.6 గ్రాములు. అంటే దాదాపు 26 గ్రాములు చట్టం కళ్లుగప్పి పోయినట్టే. అందుకే 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఉష్ణోగ్రత రాయకూడదనీ, పరిమాణంతో పాటు తూకం కూడా ముద్రించాలనీ ఆదేశించి, 2023 జనవరి 15 వరకు గడువిచ్చింది. దొంగతనానికి సాక్ష్యమంటూ ఈ సందేశం చూపిస్తున్న 910 గ్రాముల అంకె మన రక్షణ కోసం వచ్చింది. దాన్నే అనుమానించమని చెప్పడం నాకు కోపం తెప్పిస్తోంది.

చూడాల్సింది ఆ అంకె తగ్గిందా లేదా అన్నది. ప్యాకెట్లు ఇంత సైజులోనే ఉండాలన్న పాత నిబంధన ఇప్పుడు లేదు. లీటరు ప్యాకెట్ పక్కనే, అదే ఎత్తు, అదే రంగుతో 870, 850 గ్రాములవి కూడా అల్మరాలో ఉంటాయి. ధర ఐదు రూపాయలు తక్కువని తీసుకుంటాం. 140 రూపాయలకు 910 గ్రాములంటే కిలో దాదాపు 154. 135 రూపాయలకు 850 గ్రాములంటే కిలో దాదాపు 159. గ్రాముకో మిల్లీలీటరుకో ఎంత పడుతుందో కూడా ప్యాకెట్ మీద రాయాలని నియమం ఉంది కాబట్టి, గరిష్ఠ ధర పక్కన ఆ చిన్న అంకెను వెతకండి.

రాసినదాని కన్నా నిజంగా తగ్గిందనిపిస్తే ఖాళీ కవరు బరువు తీసేసి లెక్కించండి. ఈ సైజు ప్యాకెట్‌కు చట్టం అనుమతించే తేడా 15 గ్రాములు. 910 అని రాసినచోట నికరంగా 895 కన్నా తక్కువ వస్తే బిల్లుతో, వీలైతే అదే బ్యాచ్‌లోని విప్పని ప్యాకెట్‌తో తూనికలు కొలతల శాఖ అధికారుల దగ్గరకు వెళ్లండి, లేదా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి.