బోల్టుకి బొట్టు పెట్టని పాపం

మనిషిని మోయడానికి ఆఖర్న నలుగురు కావాలంటారు. నా ఎలక్ట్రిక్ మౌంటెన్ బైకులో మోటారుని మోయడానికి మొదటి రోజు నుంచే నలుగురున్నారు. నాలుగు బోల్టులు. ఒక్కోటి చిటికెన వేలంత లావు కూడా ఉండదు. సైకిలుకి పెట్టిన డబ్బుతో మా బావమరిది సెకండ్ హ్యాండ్ కారు కొనుక్కున్నాడు. ఆ నాలుగు బోల్టుల డబ్బుతో బెజవాడలో ఇద్దరు టిఫిన్ చేసి కాఫీ తాగొచ్చు.

విజయవాడలో మౌంటెన్ బైకు ఎందుకండీ అని అడిగేవాళ్లకి ఊరి భూగోళం తెలియదు. ఇంద్రకీలాద్రి ఉంది, మొగల్రాజపురం కొండ ఉంది, గుణదల కొండ ఉంది. వీటిలో దేని మీదకీ నేను సైకిలు ఎక్కించలేదు, అది వేరే విషయం. నా పర్వతారోహణంతా మా వైపు రోడ్ల మీది స్పీడ్ బ్రేకర్లే. ఎవరి ఇంటి ముందు వాళ్లు పోసుకున్న సిమెంటు దిబ్బలు అవి. షుగరు బోర్డర్లో ఉంది, రోజూ నడవండి అన్నారు డాక్టరుగారు. నడక అన్న మాటకి నేను కాస్త ఉదారంగా అర్థం చెప్పుకున్నాను.

కొన్న రోజునే కొండ దగ్గర వాహన పూజ చేయించాం. హ్యాండిల్‌కి దండ, బ్యాటరీకి కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు. మా ఆవిడ మోటారు మూతకి పసుపు రాసి బొట్టు పెట్టింది. బోల్టులు ఆ మూత లోపల ఉంటాయని అప్పటికి ఇద్దరికీ తెలియదు. పూజకైతే వాహనం గానీ, చట్టానికి అది వాహనమే కాదు. మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకి 25 కిలోమీటర్ల లోపు ఉంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, లైసెన్సు అక్కర్లేదు. అంటే దాన్ని ఆపి చూసే నాథుడు ఎవరూ ఉండడు. దేవుడికి అప్పజెప్పేశాం కాబట్టి మనమూ చూడం.

ఇక ఆ మోటారు తెలివి చెప్పనలవి కాదు. పెడల్ని నేను ఎంత బలంగా తొక్కుతున్నానో, నిమిషానికి ఎన్ని చుట్లు తిప్పుతున్నానో, చక్రం ఎంత జోరు మీదుందో, అన్నీ కొలిచి ఫోనుకి పంపుతుంది. మొత్తం శ్రమలో నా వాటా ఎంతో, తన వాటా ఎంతో శాతాల్లో చూపించి నా పరువు తీస్తుంది. తాను సైకిలుకి అతుక్కుని ఉన్నానా లేదా అన్న ఒక్క సంగతి మాత్రం దానికి తెలియదు.

మూడో నెలలో కిర్రు మొదలైంది. ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి వైపు వెళ్తుంటే, కుడికాలు దిగినప్పుడు కిర్రు, ఎడమకాలు దిగినప్పుడు టక్కు. మన ఊళ్లో వింత శబ్దం వినపడితే పదిమందీ డాక్టర్లే. చైనన్నారొకరు, సీటన్నారొకరు. పొద్దున్నే నాతోపాటు తిరిగే రిటైర్డ్ ఇంజనీరుగారు సైకిలు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "మోకాలు ఎప్పుడైనా ఎక్స్‌రే తీయించారా?" అన్నారు. అన్ని రోగాలకీ ఒకటే మందు కాబట్టి నేను నూనె పోశాను. కొబ్బరినూనె. బోల్టు మర బిగువుగా ఉండాలంటే లోపల రాపిడి కావాలట. నేను పోసిన నూనె అక్కడిదాకా దిగి ఉంటే, జారిపోవాలనుకుంటున్న బోల్టుకి దారి ఖర్చులు ఇచ్చినట్టే.

షోరూమ్‌కి తీసుకెళ్లాను. టై కట్టుకున్న కుర్రాడు లాప్‌టాప్ తగిలించాడు. "ఎర్రర్ ఏం లేదు సార్. కొత్త సాఫ్ట్‌వేర్ వేసేశాను, ఇక టెన్షన్ లేదు" అన్నాడు. సైకిలు మీద చెయ్యి మాత్రం వెయ్యలేదు, వేస్తే మాసిపోతుంది కదా. సాఫ్ట్‌వేర్ మారాక మోటారు జోరు పెరిగింది, కిర్రు కూడా ఇంకాస్త స్పష్టంగా వినపడసాగింది. స్క్రూ లూజైన మనిషికి డిగ్రీ సర్టిఫికెట్ ఇచ్చినట్టయింది.

చివరికి ఆటోనగర్ చేరాం. అక్కడ లారీలు బాగుచేసే మేస్త్రీ ఒకాయన, అరవై దాటినవాడు. బీడీ పక్కన పెట్టి, సంతలో పనసకాయ చూసినట్టు మోటారుని రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ కదిపాడు.

"ఏందయ్యా, ఇది ఊగతా ఉంది!"

అర నిమిషం పట్టలేదు. లాప్‌టాప్‌కి దొరకనిది అరచేతికి దొరికింది. మూత విప్పితే బోల్టుల చుట్టూ నల్లటి మసి, చక్కగా కాటుక దిద్దినట్టు. అల్యూమినియం ముక్కలు రెండు ఒకదాన్నొకటి రాసుకుంటే అలాగే నల్లటి పొడి రాలుతుంది. ఒక బోల్టు తల మేస్త్రీ వేలు తగలగానే ఊడి చేతిలో పడింది, మొండెం లోపలే ఉండిపోయింది. ఇంకో రెండు చేత్తోనే తిరిగిపోతున్నాయి. నలుగురిలో ఒకడు ఎప్పుడో పోయాడు, ఇద్దరు సెలవులో ఉన్నారు, పనంతా ఒక్కడే లాగుతున్నాడు. అచ్చం మా ఆఫీసు.

ఆ తెగిన తలని ఇంటికి తెచ్చి భూతద్దం కింద పెట్టి చూశాను. సగం దాకా నున్నగా, నల్లబడి, మీద సన్నటి గీతలు వరసగా, కాలువలో నీళ్లు తగ్గేకొద్దీ గట్టు మీద చారలు పడినట్టు. మిగతా సగం బెల్లం అచ్చు విరిచినట్టు పలుకులు పలుకులుగా, తళతళలాడుతూ. ఆ సగమే చివరి రోజున తెగింది. మొదటి సగం మాత్రం ఎన్నాళ్లుగానో పెడల్ పెడల్‌కీ కొద్దికొద్దిగా తెగుతూనే ఉంది. ఆ తెగడమే నాకు కిర్రుమని వినపడుతోందని ఊహించుకుని రాత్రి నిద్రపోలేదు.

నిజానికి బోల్టు పని అడ్డంగా నిలబడి మోటారుని ఆపడం అని ఇన్నాళ్లూ అనుకున్నాను. కాదట. బిగించినప్పుడు బోల్టు వెంట్రుకవాసి సాగుతుంది, సాగిన రబ్బరు బ్యాండులా రెండు వైపులనీ దగ్గరికి లాగి నొక్కిపెడుతుంది. ఆ నొక్కుడుకి పుట్టే రాపిడే మోటారుని కదలనివ్వదు. బిగువు తగ్గితే రాపిడి పోతుంది, బరువంతా బోల్టు నడుం మీద పడుతుంది. నా బరువు 75 కిలోలు, పెడల్ కడ్డీ పొడవు 17 సెంటీమీటర్లు. లేచి నిలబడి తొక్కితే ఆ ఇరుసు మీద దాదాపు 125 న్యూటన్ మీటర్ల మెలి పడుతుంది. ఇలాంటి మోటార్లు తమ వంతుగా ఇంకో 85 దాకా కలుపుతాయి. కుడికాలుకి ఒక వంపు, ఎడమకాలుకి ఇంకో వంపు. ఇనప తీగని అటూ ఇటూ వంచి తెంపడం చిన్నప్పుడు అందరం చేసిందే. అడ్డంగా ఊగితే బోల్టు తనంతట తానే విప్పుకుంటుందని గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు 1969లోనే ప్రయోగం చేసి చూపించాడు. ఆ కబురు మా షోరూమ్‌కి ఇంకా చేరలేదు.

అయితే కథలో విలన్ షోరూమ్ ఒక్కటే అనుకుంటే మేస్త్రీని అవమానించినట్టే. మొండేన్ని ఎడమవైపు తిరిగే డ్రిల్లుతో ఎంత ఓర్పుగా బయటికి తీశాడో చూసి నాకు కళ్లు చెమర్చాయి. తరవాత మూలనున్న డబ్బాలోంచి ఒక బోల్టు ఏరాడు. కిలోల లెక్కన కొన్న సరుకు. మనుషుల తలరాత కనపడదు గానీ, బోల్టుల తలరాత చక్కగా కనపడుతుంది. తల మీద 8.8 అనో 12.9 అనో అంకె ఉంటుంది, అది దాని బలం. ఈ బోల్టు నెత్తి మీద ఏ రాతా లేదు. అనాథ. దాన్ని బిగించమని శిష్యుడికిచ్చాడు. ఆ కుర్రాడు స్పానరుకి రెండడుగుల పైపు తొడిగి, లారీ చక్రాన్ని తలుచుకుని లాగాడు.

టప్.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. మౌంటెన్ బైకు నాలుక కూడా అంతే. "నా చేతికి తెలుస్తదండీ ఎంత బిగించాలో" అన్నాడు మేస్త్రీ. తెలుస్తుంది, కానీ ఆయన చెయ్యి లారీ దగ్గర చదువుకుంది. ఎంత బిగించాలో మోటారు కంపెనీ మాన్యువల్‌లో అంకె రాసి ఉంటుంది, ఆ అంకె దగ్గర టక్కుమని ఆగమనే పనిముట్టుని టార్క్ రెంచ్ అంటారు. షోరూమ్‌లో అది ఉంది, బయటికి తియ్యరు. ఆటోనగర్‌లో తీసే చెయ్యి ఉంది, అది లేదు.

అందుచేత రవాణా శాఖ వారికి, వారికి తీరిక లేకపోతే దేవాదాయ శాఖ వారికి ఇందుమూలంగా విన్నవించుకునేది ఏమనగా: వాహన పూజ టికెట్టులో నిమ్మకాయలతోపాటు ఒక టార్క్ రెంచ్ కూడా చేర్చవలెను. కొబ్బరికాయ కొట్టాక నాలుగు బోల్టులూ అంకె ప్రకారం బిగించి, ఆ తరవాతే హారతి ఇవ్వవలెను. అదనపు రుసుము చెల్లించుటకు భక్తులు సిద్ధముగా ఉన్నారు.

ఈలోగా నేనే చేసుకున్నాను. రాత ఉన్న బోల్టులు నాలుగు తెప్పించి, మరకి నీలం రంగు లాకింగ్ జిగురు రాసి, కార్ల మెకానిక్ దగ్గర రెంచ్ అడిగి తెచ్చుకుని బిగించాను. బోల్టు తల నుంచి ఫ్రేము మీదకి ఒక గీత గీసి పెట్టుకోవాలి, బోల్టు తిరిగితే గీత విరుగుతుంది. రంగు లేదంటే మా ఆవిడ గోళ్ల రంగు సీసా తెచ్చింది. నాలుగు బోల్టులకీ తనే ఎర్రగా గీతలు దిద్ది, "ఏమండీ, ఈ బొట్టు అప్పుడే ఇక్కడ పెట్టాల్సింది కదా" అంది.

నిన్న ఆదివారం మూత తీసి చూశాను. మూడు గీతలు తిన్నగా ఉన్నాయి. నాలుగోది నూలుపోగంత పక్కకి జరిగింది. ఫోనులో మాత్రం మోటారు బొమ్మ పక్కన పచ్చటి టిక్కు వెలుగుతోంది.