సవరణ: ఆర్మేనియన్ల జాతి నిర్మూలనను అమెరికా గుర్తించిన క్రమం

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, నేటి టర్కీకి పూర్వ రాజ్యమైన ఒట్టోమన్ సామ్రాజ్యంలో సాగిన ఆర్మేనియన్ల జాతి నిర్మూలనపై ఇంతకు ముందు ప్రచురించిన వ్యాసంలో, అమెరికా దానిని తొలిసారిగా గుర్తించింది 2021లోనే అన్న వాక్యాన్ని ఈ విధంగా సవరించి చదువుకోవలసిందిగా మనవి. 2021 ఏప్రిల్ 24న అప్పటి అధ్యక్షుడు జో బైడెన్ దానిని గుర్తిస్తూ చేసిన ప్రకటన ముఖ్యమైనదే అయినా మొదటిది కాదు. యూదుల మారణహోమ సంస్మరణకై 1981 ఏప్రిల్‌లో వెలువరించిన అధికారిక ప్రకటనలో నాటి అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్ ఆర్మేనియన్ల జాతి నిర్మూలనను పేరుపెట్టి ప్రస్తావించారు. 2019 అక్టోబరు 29న ప్రతినిధుల సభ 405–11 ఓట్లతో, డిసెంబరు 12న సెనేట్ ఏకగ్రీవంగా గుర్తింపు తీర్మానాలను ఆమోదించాయి.

ఆధారాలు చాలకనే ఇంత జాప్యం జరిగిందన్న అర్థం కూడా ఆ వ్యాసం నుంచి స్ఫురించే అవకాశం ఉంది. అది సరికాదు, ఒక జాతినే తుడిచిపెట్టే కార్యక్రమం సాగుతోందని ఒట్టోమన్ సామ్రాజ్యంలో అమెరికా రాయబారి హెన్రీ మోర్గెంతా 1915 జూలైలోనే తంతి పంపారు. అడ్డుపడింది రాజకీయం. అది జాతి నిర్మూలన అని ఒప్పుకోని టర్కీ, అమెరికా ఉన్న నాటో సైనిక కూటమిలో సభ్యదేశం, అక్కడి ఇంజిర్లిక్ వైమానిక స్థావరం ఇరాక్ యుద్ధకాలంలో అమెరికాకు కీలకం. 2000లో ప్రతినిధుల సభ ముందుకు రావలసిన తీర్మానం బిల్ క్లింటన్ అభ్యర్థనతో ఆగిపోయింది. 2007లో విదేశీ వ్యవహారాల సంఘం 27–21తో ఆమోదించిన తీర్మానం, జార్జి బుష్ ప్రభుత్వ వ్యతిరేకత వల్ల సభలో ఓటింగుకే రాలేదు. ఎన్నికల ప్రచారంలో గుర్తిస్తానని మాట ఇచ్చిన బరాక్ ఒబామా ఎనిమిదేళ్ల పాలనలో ఆ పని చేయలేదు.