సారా బెర్నార్ జూలియట్ కాలేదు, బార్నమ్ ఆ కాలు అడగలేదు

మా బాబాయి రోజూ పొద్దున ఆరింటికల్లా ఫ్యామిలీ గ్రూపులో ఒక ‘మీకు తెలుసా?’ పడేస్తాడు. పోయిన వారం వంతు ఫ్రెంచి నటి సారా బెర్నార్‌ది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: 70 ఏళ్ల వయసులో, చెక్కకాలితో, 13 ఏళ్ల జూలియట్‌గా నటించింది. తీసేసిన ఆ కాలిని జనానికి చూపించుకుంటానని అమెరికా సర్కస్ యజమాని పి.టి. బార్నమ్ 10,000 డాలర్లు ఇవ్వబోయాడు. బతికినంతకాలం శవపేటికలోనే నిద్రపోయింది. షేక్‌స్పియర్ నాటకంలోని హామ్లెట్ వేషం వేసిన తొలి మహిళ ఆమే. సినిమా అంటే మాత్రం ఆమెకు అసహ్యం, కెమెరా ముందు తేలిపోయింది.

ఈ సరుకు ఇంగ్లీషులో ఏళ్ల తరబడి తిరుగుతున్నదే. ఇప్పుడు తెలుగులోకి దిగింది. బాబాయితో వాదించడం దండగని నాకు తెలుసు. కానీ ఆవిడ పాత సినిమాలు చూస్తూ చాలా రాత్రులు గడిపినవాణ్ణి, ఊరుకోబుద్ధి కాలేదు.

ముందు జూలియట్. దీనికి పెద్ద పరిశోధన అక్కర్లేదు, వేళ్ల మీద లెక్క చాలు. సారా 1844 అక్టోబరులో పుట్టిందని అందరూ ఒప్పుకునే మాట. 1871లో పారిస్ నగర కార్యాలయం తగలబడినప్పుడు రికార్డులు పోయాయి కాబట్టి తేదీ 22 అని కొందరు, 23 అని కొందరు అంటారు. ఏదైనా సరే, ఆమెకు 70 ఏళ్లున్నది 1914 అక్టోబరు నుంచి 1915 అక్టోబరు దాకా. ఆ ఏడాది ఆమె ఏం చేస్తోంది? మొదటి ప్రపంచ యుద్ధం మొదలై, పారిస్‌లో ఉండటం మంచిది కాదని ఆమెను నైరుతి తీరంలోని ఆండెర్నోస్‌కు పంపేశారు. ఎన్నో ఏళ్లుగా పీడిస్తున్న కుడి మోకాలు ఇక లాభం లేదనే స్థితికి వచ్చింది. 1915 ఫిబ్రవరి 22న బోర్డో నగరంలో మోకాలి పైదాకా తీసేశారు. మళ్లీ పారిస్ స్టేజీ ఎక్కింది ఆ నవంబరులో. అప్పటికి 71 వచ్చేశాయి. వేసింది జూలియట్ కాదు, అసలు మనిషి పాత్రే కాదు. యూజీన్ మోరాన్ రాసిన ‘కెథడ్రల్స్’ అనే రూపకంలో ఒక్కో నటి ఫ్రాన్స్‌లోని ఒక్కో పెద్ద చర్చి. సారా స్ట్రాస్‌బూర్ చర్చి. ఆ ఊరు అప్పుడు జర్మన్ల చేతుల్లో ఉంది. కాలు పోగొట్టుకున్న నటి, దేశం పోగొట్టుకున్న చర్చిగా కూర్చుని మాట్లాడింది. హాల్లో ఉన్నవాళ్లకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేకపోయింది.

చెక్కకాలు కూడా అంతే. కృత్రిమ కాలు ప్రయత్నించింది, నచ్చలేదు, పక్కన పడేసింది. తెల్లగా, బంగారు పూతతో, మోతకర్రలున్న ఒక కుర్చీ చేయించుకుంది. పల్లకీ లాంటిది. ఇద్దరు మోసేవాళ్లు. కారు దగ్గరి నుంచి గ్రీన్ రూముకి, అక్కణ్ణుంచి స్టేజీకి అందులోనే. 1916లో యుద్ధరంగం దగ్గర సైనికుల ముందు కవితలు చదవడానికి వెళ్లినప్పుడూ అదే కుర్చీ. తర్వాత ఎంచుకున్న పాత్రలన్నీ కూర్చునో, పడుకునో, దేనికో ఆనుకునో చేయగలిగినవి.

మరి జూలియట్ పుకారు ఎందుకు అంటుకుంది? ఎందుకంటే ఆమె నిజంగానే వయసుతో ఆడుకునేది. 1900లో రోస్టాన్ రాసిన ‘లెగ్లాన్’లో నెపోలియన్ కొడుకు పాత్ర వేసింది. అతను 21 ఏళ్లకే చనిపోయిన కుర్రాడు, ఆమెకు 55. తెల్ల యూనిఫాం వేసుకుని ఆరంకాల నాటకాన్ని మోసింది. 1920లో, 75 దాటాక, ‘డానియల్’లో మత్తుమందుకు బానిసైన యువకుడిగా కనిపించింది. నాకు వీటన్నిటికంటే ఇష్టమైన ముచ్చట 1909 నాటిది. జోన్ ఆఫ్ ఆర్క్ విచారణ మీద నాటకం. బోనులో నిలబడ్డ జోన్‌ను న్యాయాధికారి అడుగుతాడు: నీ వయసెంత? అరవై అయిదుకు అటూ ఇటుగా ఉన్న సారా మెల్లగా జడ్జీల వైపు నుంచి ప్రేక్షకుల వైపు తిరిగి, తొణక్కుండా, ‘పంతొమ్మిది’ అనేది. హాలు మోగిపోయేది. ఆ చప్పట్లు నమ్మినందుకు కొట్టినవి కావు. మా కళ్లలోకి చూసి ఇంత ధైర్యంగా అబద్ధం చెప్పి, ఆ క్షణానికి అది చెల్లుబాటు చేసుకున్నావు చూడు, అందుకు.

బార్నమ్ సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది. ఆయన చనిపోయింది 1891 ఏప్రిల్‌లో. కాలు తీసింది 1915లో. మధ్యలో 24 ఏళ్లు. సమాధిలోంచి చెక్కు రాసిస్తే తప్ప కుదరదు. ఇంకో వెర్షన్‌లో ఎవరో ఎగ్జిబిషన్ నిర్వాహకుడు కాలు అడిగితే ఆవిడ ‘ఏ కాలు?’ అని తిరుగు టపా కొట్టిందంటారు. జోకు బాగానే ఉంది. జోకు బాగుంటే రుజువు ఎవరూ అడగరు, అదే చిక్కు.

శవపేటిక దగ్గర మాత్రం బాబాయికి సగం మార్కులు ఇవ్వాలి. పేటిక ఉన్నమాట నిజం. అందులో కళ్లు మూసుకుని, పూలు పరుచుకుని దిగిన ఫోటో ఉన్నమాటా నిజం. అది 1880 ప్రాంతంలో మెలాంద్రి స్టూడియోలో తీసింది. కార్డుల మీద అచ్చయి ఊరూరా అమ్ముడుపోయింది. ఆమె తన ఆత్మకథలో రాసుకున్నది వేరు. చెల్లెలు రెజీనా జబ్బుతో తీసుకుంటూ సారా మంచం మీద ఉండేది. గది చిన్నది. ఆ రోజుల్లో తను పేటికలో పడుకునేదాన్నని చెప్పింది. గోళ్లు తీర్చే ఆవిడ ఒకరోజు లోపలికొచ్చి, మంచం మీద చెల్లెల్ని, పేటికలో అక్కను చూసి హడలిపోయిందట. ఇదైనా ఎంతవరకు నమ్మాలో మీ ఇష్టం. ఆవిడ కూడా తక్కువది కాదు, తన గురించి కథలు అల్లడంలో పత్రికలవాళ్లకే పాఠాలు చెప్పగలదు. కానీ ‘చెల్లెలు పోతున్న రోజుల్లో’ అన్నది ‘బతికినంతకాలం’ అయిపోవడం ఫార్వర్డుల మహిమ.

హామ్లెట్ వేసిన తొలి మహిళ? కాదు. ఇంగ్లండులో సారా సిడన్స్ 18వ శతాబ్దంలోనే వేసింది. అమెరికా నటి షార్లెట్ కుష్‌మన్ వేసింది. అంతదాకా ఎందుకు, పారిస్‌లోనే 1867లో మదామ్ జ్యుడిత్ వేసింది. మన సారా 1899లో వేసింది. హామ్లెట్ అనగానే గుర్తొచ్చే పుర్రె కూడా ఆమె దగ్గర నిజమైనదే ఉండేది, రచయిత విక్టర్ హ్యూగో బహుమతిగా ఇచ్చింది. ఇప్పుడది లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.

మగ పాత్రలు ఆమెకు చిలిపి సరదా కాదు. 1869లో ఓదెయోన్ థియేటర్లో ‘ల పాసాన్’ అనే చిన్న నాటికలో ద్జానెట్టో అనే పాటగాడి వేషంతోనే పారిస్ ఆమెను గుర్తుపట్టింది. 1896లో లొరెంజాచ్చో, 1904లో లండన్‌లో పెలెయాస్. హామ్లెట్‌ను ఎప్పుడూ దిగాలుగా వేలాడే మనిషిగా కాకుండా, చురుగ్గా, కోపంగా, కుర్రతనంతో ఆడింది. అది కొందరికి నచ్చలేదు. ఫ్రెంచి వచనంలో షేక్‌స్పియర్ ఏమిటని ఇంగ్లండులో మూతి విరిచినవాళ్లూ ఉన్నారు. అవి తగువులాడుకోదగ్గ సంగతులు. ‘తొలి మహిళ’ అన్న బిరుదు ఇచ్చేస్తే ఆ తగువే లేకుండా పోతుంది.

ఒక విషయంలో మాత్రం ‘తొలి’ అనొచ్చు. 1900 పారిస్ ఎక్స్‌పొజిషన్‌లో, బొమ్మకు ఫోనోగ్రాఫ్ శబ్దం జోడించి చూపిన ఒక ప్రదర్శన కోసం, హామ్లెట్, లేర్టీస్ కత్తియుద్ధం చిత్రీకరించారు. రెండు నిమిషాల ముక్క. మనకు తెలిసి తెర మీద కనిపించిన మొట్టమొదటి హామ్లెట్ సారాయే. అంటే ‘సినిమా అంటే అసహ్యం’ అన్న మనిషి సినిమా పుట్టి అయిదేళ్లు నిండకుండానే కెమెరా ముందు కత్తి తిప్పింది.

ఇక్కడికొచ్చాం కాబట్టి అసలు సంగతి. ఈ చివరి అబద్ధమే నాకు ఎక్కువ కష్టంగా ఉంటుంది, ఎందుకంటే దీన్ని చదువుకున్నవాళ్లు కూడా నమ్ముతారు. దీనికి ఒక మూలం ఉంది. 1908లో తీసిన ‘టోస్కా’ ఆమెకు నచ్చలేదు. అక్కడితో ఆగిపోయి ఉంటే ఫార్వర్డు నిజమయ్యేది. ఆగలేదు. 1911లో ‘లా దామ్ ఓ కమేలియా’ తీశారు. 1912లో ‘క్వీన్ ఎలిజబెత్’. ఆ కథను పారిస్‌లో స్టేజీ మీద నాటకంగా వేస్తే ఫ్లాపయింది. సినిమాను మాత్రం అడాల్ఫ్ జూకర్ అనే సినిమా వ్యాపారి అమెరికాకు తెప్పించి, 1912 జులై 12న న్యూయార్క్ లైసియం థియేటర్లో వేశాడు. అయిదు సెంట్ల నికెల్ నాణేనికి పది నిమిషాల బొమ్మలు చూసే కాలంలో ఒక పెద్ద నటితో ముప్పావు గంట సినిమా, అదీ నాటకాలాడే హాల్లో! ఆ ఊపుతో నిలబడ్డ జూకర్ కంపెనీ ఫేమస్ ప్లేయర్సే తర్వాత హాలీవుడ్ స్టూడియో పారామౌంట్‌లో కలిసింది. తేలిపోయిన నటి సినిమాతో ఇంత జరగదు.

నటన బాగుందా అంటే, మొదటిసారి ‘క్వీన్ ఎలిజబెత్’ చూసినప్పుడు నేనూ నవ్వాను. చేతులు గాలిలో, కళ్లు పైకి, చివర రాణి చచ్చిపోతూ ముందే పేర్చిపెట్టిన దిండ్ల గుట్ట మీద ముందుకు దబ్బున పడిపోతుంది. కెమెరా కదలదు, దగ్గరికి రాదు. అన్నిటికంటే పెద్ద లోటు, ఆవిడ గొంతు లేదు. పారిస్ జనం ‘బంగారు గొంతు’ అని పిలుచుకున్నదాన్ని తీసేసి, మిగిలినదానితో నటించమన్నారు. వీణ తీగలు తీసేసి వాయించమన్నట్టే. అయితే ‘కమేలియా’లో చావు చూడండి. స్టేజీ మీద పేరుపడిన భంగిమే: పడుకుని కాదు, నిలబడి చనిపోతుంది. ప్రియుడి చేతుల్లో నిలబడి ఉన్న మనిషి ఒక్కసారిగా బరువైపోతుంది. అప్పటికి ఆమెకు 67. మోకాలు అప్పటికే నరకం చూపిస్తోంది. రెండోసారి చూసినప్పుడు నేను ఆ కాలునే చూస్తూ కూర్చున్నాను.

కాలు తీసేసిన కొన్ని నెలలకే, 1915లోనే, ‘జాన్ డోరే’ షూటింగులో ఉంది. తమాషా కోసం కాదు. ఆవిడకు ఎప్పుడూ అప్పులే, డబ్బు కావాలి. దర్శకుడు మెర్కాంతోన్ ప్రతి షాటులో ఆమెను కూర్చోబెట్టో, దేన్నో పట్టుకుని నిలబెట్టో తీశాడు. హత్యానేరంలో మరణశిక్ష పడ్డ కొడుకు, తల్లి. చివరిసారి చీకట్లో చూడ్డానికి వెళితే, వాడు తన ప్రియురాలే వచ్చిందనుకుని ఆ పేరుతో పిలుస్తాడు. తల్లి నోరు విప్పదు. నేను కాదురా, అమ్మనిరా అనదు. వాణ్ణి అలాగే అనుకోనిస్తుంది. మాట లేకపోవడం వల్లే బలం వచ్చే సీను అది, మూకీ సినిమాకు అంతకంటే తగినది దొరకదు. చేతులు గాలిలో తిప్పే సారా అందులో లేదు. 1917లో ‘మేర్ ఫ్రాన్సేజ్’లో కూడా యుద్ధంలో కొడుకును పోగొట్టుకునే తల్లే.

ఇక 1923 మార్చి. ‘లా వ్వాయాంత్’ అనే సినిమా. జోస్యం చెప్పే ఆవిడ పాత్ర, కుర్చీలోంచి లేవక్కర్లేదు. స్టూడియోకు వెళ్లే ఓపిక ఆవిడకు లేదు. అందుకని బుల్వార్ పెరేర్‌లోని ఆమె ఇంట్లోకే కెమెరా, లైట్లు తెచ్చి సెట్టు వేశారు. కొన్ని సీన్లు అయ్యాక మంచం పట్టింది. మార్చి 26న చనిపోయింది. మిగిలిన షాట్లు డూపుని పెట్టి లాగించారు.