ఒకే ట్రాక్ నాలుగుసార్లు పేస్ట్ చేస్తే నలుగురు వాయించినట్టు కాదప్పా

"హెవీ గిటార్ సౌండ్‌కి అయిదు రహస్యాలు" అని ఒక వాట్సాప్ ఫార్వర్డ్ తిరుగుతా ఉంది, మా అనంతపురం గిటార్ పిల్లోళ్ళ దగ్గర్నించి నాకే నాలుగుసార్లు వచ్చింది. దాంట్లో ఉండేది ఇంతే: ఒక్క ట్రాక్ రికార్డ్ చేసి నాలుగు కాపీలు కొట్టు, గెయిన్ (సిగ్నల్ పెంచి గరగరలాడించే నాబ్) ఫుల్ పెట్టు, మిడ్స్ (మధ్య ఫ్రీక్వెన్సీలు) సున్నాకి తిప్పు, గిటార్లన్నిటికీ ఒకే టోన్ పెట్టు, లావు తీగలూ, ఖరీదైన ఆంప్ (గిటార్ శబ్దం పెంచే పెట్టె) లేకుంటే ఆశ వదులుకో. గమ్మునుందామనుకున్నా గానీ, మొన్న ఒక పిల్లోడు ఇవన్నీ పాటించి చేసిన పాట తెచ్చి "ఏంటికన్నా ఇంత సన్నగా ఉంది" అని అడిగినాడు, ఇంక రాయక తప్పలే.

ముందు కాపీల సంగతి. వాడు ఎడమ పక్క రెండు, కుడి పక్క రెండు పెట్టినాడు. నేను మోనో బటన్ (రెండు పక్కలనీ కలిపి ఒకటే చేసేది) నొక్కి చూపించినా, ఏమీ మారలే. రెండు పక్కలా అచ్చం అదే శబ్దం వస్తే చెవికి మధ్యలోనే వినిపిస్తాది, వెడల్పు యాడనుంచి వస్తాది? ఒక ట్రాక్ మీద అదే ట్రాక్ పెడితే 6 డెసిబెల్స్ పెరుగుతాది, నాలుగు పెడితే 12, అంటే ఫేడర్ (వాల్యూమ్ మీట) పైకి తోసినట్టే. "ఒక కాపీని 10 మిల్లీసెకన్లు జరుపుతా" అన్నాడు, సరే జరుపు, హెడ్‌ఫోన్‌లో బాగానే ఉంటాది, కానీ మోనోలో 50, 150, 250 హెర్ట్జ్ దగ్గర ఇట్లా వరసగా గుంతలు పడి డబ్బాలో వాయించినట్టు అవుతాది, మన జనాలు వినేదేమో ఫోన్ స్పీకర్‌లో. మందు ఒకటే, అదే రిఫ్ (పాటలో మళ్ళీ మళ్ళీ వచ్చే గిటార్ ముక్క) మళ్ళీ వాయించల్ల. పిక్ తగిలే క్షణం, వేలి ఒత్తిడి ప్రతిసారీ ఇంత తేడా వస్తాయి, ఆ తేడానే వెడల్పు. వాడు గొణిగినాడు, మూడో బార్‌లో తప్పుతానే పోయినాడు, ఏడో టేక్‌కి కుదిరింది. దాన్ని కుడికి, మొదటిదాన్ని ఎడమకి పెట్టి వినిపిస్తే హెడ్‌ఫోన్ తీసి చూసి మళ్ళీ పెట్టుకున్నాడు.

గెయిన్ ఫుల్ సంగతి. డిస్టార్షన్ అంటే సిగ్నల్ నెత్తి నరకడం, ఒక హద్దు దాటినాక బరువు పెరగదు, గట్టిగా కొట్టిందీ మెల్లగా కొట్టిందీ ఒకటే అయిపోతాది. పామ్ మ్యూట్ (అరచెయ్యి తీగల మీద ఆనించి కొట్టేది) "చగ్ చగ్" అనాల్సింది "భుస్ భుస్" అంటాది. హెవీ పాటల్లో పవర్ కార్డ్ ఏంటికి వాడతారో తెలుసునా? స, ప రెండే కొడతారు. 82 హెర్ట్జ్ దగ్గర స, 123 దగ్గర ప డిస్టార్షన్‌లో కలిస్తే వాటి తేడా 41 కూడా పుడతాది, అంటే కింది స్థాయి స ఊరికే వస్తాది! అంతర గాంధారం కూడా కలిపి గెయిన్ ఎక్కించి చూడు, బురదే. రెండు మూడు టేకులు పేర్చేటప్పుడు ఒక్కోదాంట్లో గెయిన్ నువ్వు కోరుకున్నదానికంటే తక్కువే ఉండల్ల.

మిడ్స్ సున్నా అనేది ఒంటరిగా వింటే అద్భుతంగా ఉంటాది, అందుకే అందరూ మోసపోతారు. కింద 41 హెర్ట్జ్ నుంచి బేస్ గిటార్, కిక్ డ్రమ్ ఉన్నాయి, పైన సింబల్స్ ఉన్నాయి, గిటార్ స్పీకర్ 5 వేల హెర్ట్జ్ దాటితే ఎట్లాగూ పడిపోతాది. ఇంక గిటార్‌కి మిగిలిన ఇల్లు మధ్యలోనే కదా, ఆ ఇల్లే కూలగొట్టుకుంటే యాడుంటాది? నేనైతే గిటార్‌లో 80–100 హెర్ట్జ్ కింద కోసేసి బరువు బేస్‌కి వదిలేస్తా.

ఒకే టోన్ అన్నదానికి నాకు కోపమే వచ్చింది. ఇద్దరు గిటారిస్టులుంటే ఇద్దరు వినపడల్ల కదా? ఒకరికి హంబకర్ (రెండు కాయిళ్ళ పికప్), ఆంప్ ముందు ట్యూబ్ స్క్రీమర్ అనే పెడల్ పెట్టి డ్రైవ్ సున్నా, లెవెల్ ఎక్కువ (దానివల్ల కింద వదులుగా ఊగేది బిగుసుకుంటాది), ఇంకొకరికి ఫజ్ పెడల్, వేరే స్పీకర్, వీలైతే అదే కార్డ్ గిటార్ మెడ మీద ఇంకా పైన పట్టుకుని. మైక్‌ని స్పీకర్ కోన్ నడిమధ్య నుంచి రెండు వేళ్ళు పక్కకి జరిపినా వేరే మనిషి అవుతాడు.

లావు తీగలంటారా, బ్లాక్ సబ్బాత్ బ్యాండ్ గిటారిస్టు టోనీ అయోమీ బర్మింగ్‌హామ్ ఫ్యాక్టరీలో వేళ్ళ కొసలు పోగొట్టుకుని సన్న తీగలే వాడినాడు, తర్వాత శ్రుతి కూడా దించినాడు, ఆయనకంటే హెవీ ఎవరప్పా? ఖరీదు సంగతి కూడా అంతే, స్వీడన్ డెత్ మెటల్ వాళ్ళ ఆ రంపపు మోత బాస్ హెచ్‌ఎం‑2 అనే ఒక పెడల్‌లో నాబ్‌లన్నీ ఫుల్ తిప్పి తెచ్చినదే. (అవును, గెయిన్ ఫుల్లే, కానీ వాళ్ళకి కావాల్సింది ఆ రంపమే.)

మా వాడిది చిన్న ఆంప్, మా మిద్దె గదిలో కింద కడప బండలు, శబ్దం గోడలకి తగిలి వాపస్ వస్తా ఉంటే బొంత మడిచి దానిమీద ఆంప్ పెట్టి, వెనక దుప్పట్లు వేలాడదీసినాం. సింగిల్ కాయిల్ (ఒకే కాయిల్ పికప్, కరెంటు రొద పట్టుకుంటాది) గిటార్ కాబట్టి 50 హెర్ట్జ్ గుయ్‌మనే రొద ఒకటే మిగిలింది, చూస్తే కింద బోరు మోటరు నడుస్తా ఉంది. ఆపమంటే మా పెద్దమ్మ ట్యాంకు నిండేదాకా ఆగండి అనింది. ఆగినాం.