స్టెప్నీని ఇంట్లో వదిలేయమనే సలహాకు జవాబు

కొంతకాలంగా ఒక సందేశం ఫోను నుంచి ఫోనుకు తిరుగుతోంది. కొండదారుల్లో, ఇసుకలో, రాళ్ల మీద బండి నడిపేవారి కోసమట. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: ఇప్పుడన్నీ ట్యూబ్‌లెస్ టైర్లే కనుక పంక్చర్ కిట్టు, చిన్న కంప్రెసర్ ఉంటే చాలు, స్టెప్నీ మోయడం దండగ. సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ, చీలినా నాలుగు స్ట్రిప్పులు (జిగురు పట్టిన రబ్బరు పురులు) దూరిస్తే ఇంటికి చేరతారు. గాలి ఎంత తగ్గిస్తే అంత పట్టు. టైరు రిమ్ము నుంచి ఊడితే మండే స్ప్రే కొట్టి నిప్పు ముట్టించండి. చక్రం మార్చాల్సి వస్తే హ్యాండ్‌బ్రేక్ వేసి జాకీ ఎత్తండి, పది నిమిషాల పని. వచ్చేటప్పుడు గాలి నింపకపోయినా నెమ్మదిగా వెళ్తే ఏమీ కాదు.

ఇవన్నీ పచ్చి అబద్ధాలైతే నేను పట్టించుకునేవాణ్ణి కాదు. ఒక్కో మాటలో సగం నిజం ఉంది. నమ్మించేది ఆ సగమే.

పంక్చర్ కిట్టుతోనే మొదలుపెడదాం. రోడ్డు మీద టైరును మేకు పొడుస్తుంది. దారి కాని దారిలో రాయి కోస్తుంది. ఈ తేడా ఆ సందేశం రాసినవారికి తట్టలేదు. మేకు చేసే బెజ్జం గుండ్రంగా, చిన్నగా, నేలను తాకే ట్రెడ్ భాగంలో ఉంటుంది. అక్కడ లోపల ఉక్కు తీగల బెల్టులుంటాయి, రబ్బరు మందంగా ఉంటుంది, దూర్చిన స్ట్రిప్పును చుట్టూ ఉన్న రబ్బరు బిగించి పట్టుకుంటుంది. ట్రెడ్‌లో సుమారు 6 మిల్లీమీటర్ల వరకు ఉన్న బెజ్జమే మరమ్మతుకు తగినదని టైరు పరిశ్రమ పాటించే హద్దు. ఆ మరమ్మతు కూడా టైరు విప్పి లోపలి నుంచి ప్యాచ్ వేస్తేనే పూర్తయినట్టు. మనం దారిలో బయటి నుంచి దూర్చే స్ట్రిప్పు తాత్కాలికమే. అయినా కిట్టు ఉండాల్సిందే. అది లేకుండా అడవిలోకి వెళ్లమని నేనూ చెప్పను.

ఇక సైడ్‌వాల్. రేడియల్ టైరులో ఈ పక్క భాగానికి ఉక్కు బెల్టుల రక్షణ ఉండదు. చాలా టైర్లలో ఒకటి రెండు పొరల పాలియెస్టర్ దారాలే ఆ గోడను నిలబెడతాయి. ఆ దారాలు ఒక అంచు నుంచి రెండో అంచు దాకా అడ్డంగా సాగుతాయి. లోపలి గాలి తోపుడును ఓర్చుకునేది అవే. రాయి అంచు వాటిని తెంపితే పోయేది గాలి ఒక్కటే కాదు, గోడ బలమే పోతుంది. పైగా చక్రం తిరిగిన ప్రతిసారీ సైడ్‌వాల్ ఒకసారి ఉబ్బి మళ్లీ సర్దుకుంటుంది. 31 అంగుళాల టైరు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో నిమిషానికి సుమారు 400 సార్లు తిరుగుతుంది. అన్నిసార్లు వంగే చోట జిగురు పట్టిన రబ్బరు పురి ఎంతసేపు నిలుస్తుందో లెక్క కట్టుకోవచ్చు.

నాకు మొదటిసారి సైడ్‌వాల్ తెగినప్పుడు కోత చూపుడువేలంత పొడవుంది. కిట్టులో ఉన్న ఐదు స్ట్రిప్పులూ పక్కపక్కనే దూర్చాను. కంప్రెసర్ పెట్టగానే రెండు బుస్సుమని బయటికి వచ్చాయి. మిగతావి కాసేపు నిలిచాయి. ఆ కాసేపు బండిని వాలు మీద నుంచి చదునైన చోటికి తెచ్చుకోవడానికి సరిపోయింది, అక్కడ చక్రం మార్చాను. కనుక సైడ్‌వాల్‌లో స్ట్రిప్పులు దూర్చడం పూర్తిగా తప్పని అనను. వేరే దిక్కు లేనప్పుడు, నడక వేగంతో, ప్రమాదకరమైన చోటు నుంచి బయటపడటానికి అదొక ఆఖరి ఉపాయం. ఇంటికి చేర్చే ఉపాయం మాత్రం కాదు. అలా అతికించిన టైరు తిరిగి రోడ్డెక్కకూడదు, పారేయాల్సిందే. టైరులో ముందే పోసుకునే సీలెంట్ ద్రవం సంగతీ అంతే. అది చిన్న బెజ్జాలకు పనికొస్తుంది, కోత ముందు చేతులెత్తేస్తుంది.

గాలి ఎంత తగ్గిస్తే అంత పట్టు అన్న మాటకు వద్దాం. తగ్గిస్తే పట్టు పెరగడం నిజమే. నేలను తాకే భాగం వెడల్పు కన్నా పొడవులో ఎక్కువగా పెరుగుతుంది, బండి బరువు ఎక్కువ చోటు మీద పరుచుకుంటుంది, ఇసుకలో టైరు దిగబడదు. రాళ్ల మీద మెత్తబడి రాయిని పొదువుకుంటుంది. రోడ్డు మీద 32, 35 పీఎస్ఐ (టైరు గాలి ఒత్తిడి కొలత) ఉంచేవారు మెత్తటి ఇసుకలో 15, 18 దాకా దించడం మామూలే. కానీ టైరు అంచును, అంటే బీడ్‌ను, రిమ్ముకు అదిమి ఉంచేదీ ఆ గాలే. బీడ్‌ను బిగించి పట్టుకునే బీడ్‌లాక్ రిమ్ములు లేనివారు 15 కన్నా కిందికి దించి స్టీరింగ్ గట్టిగా తిప్పితే, టైరు నేలను పట్టుకుని ఉండిపోతుంది, రిమ్ము జారిపోతుంది. గాలి తగ్గినకొద్దీ సైడ్‌వాల్ బయటికి ఉబ్బుతుంది కూడా, అంటే పక్కనున్న రాళ్లకు ఎదురెళ్తుంది. పట్టు కోసం దించిన గాలే కోతకు దారి తీస్తుందన్నమాట.

బీడ్ ఊడినప్పుడు స్ప్రే కొట్టి నిప్పు పెట్టమన్న సలహా చదివి నాకు కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత గుర్తొచ్చింది. వీడియోల్లో ధన్‌మని టైరు ఎక్కి కూర్చోవడం చూడముచ్చటగానే ఉంటుంది. అది పేలుడు. ఎంత ఒత్తిడి పుడుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. రిమ్ము పగలవచ్చు, చేతులు కాలవచ్చు, లోపలి రబ్బరు పొర మాడవచ్చు. మరో తమాషా: మంట ఆరాక లోపలి వేడి వాయువు చల్లబడి కుంచించుకుపోతుంది, వెంటనే గాలి పట్టించకపోతే ఎక్కిన టైరు మళ్లీ జారుతుంది. అంటే కంప్రెసర్ ఎలాగూ కావాలి. అది ఉన్నప్పుడు నిప్పు దేనికి? చక్రం పైకెత్తి, బీడ్ అంచుల్లో మట్టి తుడిచి సబ్బునీళ్లు రాయండి. వాల్వులోని పిన్ను తీసేస్తే గాలి జోరుగా లోపలికి వెళ్తుంది. ట్రెడ్ చుట్టూ సామాను కట్టే రాచెట్ పట్టీ వేసి బిగిస్తే సైడ్‌వాల్‌లు రెండు వైపులా రిమ్ముకేసి నెట్టుకుంటాయి. గాలి నిలవడం మొదలవగానే పట్టీ వదులు చేయండి. 40 పీఎస్ఐ దగ్గరికి వచ్చినా బీడ్ కూర్చోకపోతే ఆపి, గాలి తీసి, మళ్లీ సబ్బునీళ్లు రాయాలి. పట్టుదలకు పోయి ఇంకా నింపకూడదు.

నన్ను అన్నిటికన్నా భయపెట్టింది జాకీ గురించిన ఆ ఒక్క వాక్యం. హ్యాండ్‌బ్రేక్ మామూలుగా వెనక చక్రాలనే పట్టుకుంటుంది. వాలు మీద వెనక చక్రం ఒకటి లేపారంటే బండిని ఆపేది మిగిలిన ఒక్క చక్రమే. పాత ల్యాండ్ రోవర్ల లాంటి కొన్ని బండ్లలో హ్యాండ్‌బ్రేక్ చక్రాల దగ్గర ఉండదు, ఇంజను శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి వెనక్కి వెళ్లే షాఫ్టును పట్టుకుంటుంది. అలాంటి బండిలో ఒక వెనక చక్రం గాలిలోకి లేవగానే, రెండు పక్కల చక్రాలను వేర్వేరుగా తిరగనిచ్చే డిఫరెన్షియల్ దాన్ని ఒకవైపుకూ నేల మీదున్న దాన్ని మరోవైపుకూ తిరగనిస్తుంది. బ్రేక్ వేసే ఉంటుంది, బండి దొర్లుతుంది. వెనక చక్రాలతో నడిచే ఆటోమేటిక్ బండ్లలో పార్క్ గేరు పరిస్థితీ ఇదే. ఫోర్ వీల్ డ్రైవ్‌ను లో రేంజ్ గేరులో వేసి, ముందు వెనక షాఫ్టుల మధ్య సెంటర్ డిఫరెన్షియల్ ఉంటే దాన్నీ లాక్ చేసి, లేపని చక్రాలకు రెండు వైపులా రాళ్లు అడ్డం పెట్టాకే జాకీ ముట్టుకోవాలి. నట్లు చక్రం నేల మీద ఉండగానే కొద్దిగా వదులు చేయాలి. ఇసుకలో జాకీ కింద మందపాటి చెక్క లేకపోతే బండి పైకి లేవదు, జాకీయే లోపలికి దిగుతుంది. ఛాసిస్ కింద పెట్టి లేపితే సస్పెన్షన్ సాగినంత మేరా సాగాక గానీ చక్రం కదలదు. యాక్సిల్ కింద పెట్టగలిగితే తక్కువ ఎత్తులోనే పని అయిపోతుంది. జాకీ మీద నిలిచిన బండి కింద తల పెట్టకూడదని వేరే చెప్పాలా?

చివరి మాట, గాలి నింపకుండా నెమ్మదిగా ఇంటికి వెళ్లడం. గాలి తక్కువైన టైరు ఎక్కువగా వంగుతుంది, వంగిన చోట వేడి పుడుతుంది, ఆ వేడి లోపలి పొరల మధ్య పేరుకుంటుంది. బయటికి ఏమీ కనిపించదు. మైలు దూరంలో ఉన్న తారు రోడ్డు దాకా నెమ్మదిగా వెళ్లడం వేరు, అదే గాలితో హైవే మీద రెండు గంటలు పోవడం వేరు. చిన్న కంప్రెసర్లు వేడెక్కి మధ్యలో విశ్రాంతి అడుగుతాయి, నాలుగు టైర్లకూ కలిపి అరగంట పట్టవచ్చు. ఇంజను నడుస్తూ ఉంచి, ఆ అరగంట టీ తాగండి.

స్టెప్నీ తీసుకెళ్లేవారికీ ఒక మాట. దానిలో గాలి నిండుగా ఉండాలి, కొలత మిగతా నాలుగింటితో సమానంగా ఉండాలి. వేరే సైజు చక్రంతో ఫోర్ వీల్ డ్రైవ్ వేసి నడిపితే ట్రాన్స్‌ఫర్ కేసు మీద, డిఫరెన్షియల్ మీద భారం పడుతుంది. దొంగల భయంతో అల్లాయ్ చక్రాలకు లాక్ నట్లు బిగించుకున్నవారు వాటి తాళం సాకెట్ బండిలోనే ఉందో లేదో ఇప్పుడే వెళ్లి చూసుకోండి. అది ఇంట్లో బీరువాలో ఉండిపోతే కిట్టూ జాకీ స్టెప్నీ అన్నీ ఉన్నా చీలిన చక్రం బండి నుంచి ఊడి రాదు.