అప్పు చేసినవాడి గుణం మీద తీర్పులు వద్దు

"30 ఏళ్లలోపు అప్పుల్లో మునిగారంటే జీతం తక్కువై కాదు, గుణం బాగోక. ఆ గుణం జన్మలో మారదు." ఈ మెసేజ్ మా గాజువాకలో ఏ ఫ్యామిలీ గ్రూపు చూసినా తిరుగుతోంది. ఈఎంఐ టెన్షన్‌తో నిద్రపట్టని పిల్లలూ ఆ గ్రూపుల్లోనే ఉన్నారు, అందుకే ఊరుకోలేక రాస్తున్నా.

గుణానికీ డబ్బు ఇబ్బందులకీ సంబంధం ఉంది, కాదనను. న్యూజిలాండ్‌లోని డ్యునెడిన్‌లో 1972-73లో పుట్టిన వెయ్యిమంది పిల్లల్ని ఏళ్ల తరబడి గమనిస్తే, చిన్నప్పుడు తమను తాము అదుపు చేసుకోలేనివాళ్లకి 32 ఏళ్లకి డబ్బు కష్టాలు ఎక్కువగా కనిపించాయి, ఇంటి స్థోమతను లెక్కలోకి తీసుకున్నా సరే. ఎక్కువగా అన్నారు, అందరికీ అనలేదు. పైగా ఎదిగేకొద్దీ అదుపు పెరిగినవాళ్లు మెరుగ్గానే ఉన్నారని తేల్చిందీ ఆ అధ్యయనమే. ఇక "జన్మలో మారదు" ఎక్కడిది?

జీతం సంగతి. ఒకేలా ఖర్చు పెట్టే ఇద్దరు కుర్రాళ్లని తీసుకోండి, ఒకడి నాన్నది స్టీల్ ప్లాంట్‌లో పర్మినెంట్ ఉద్యోగం, ఇంకొకడి నాన్న పోర్టులో కలాసీ, వాడేమో పరవాడ ఫార్మా కంపెనీలో కాంట్రాక్టు పని. ఇద్దరికీ బండి యాక్సిడెంట్ అయితే మొదటివాడు ఇంటికి ఫోన్ చేస్తాడు, రెండోవాడు లోన్ యాప్ తెరుస్తాడు. క్రెడిట్ కార్డు మీద 50,000 బాకీ పడిందా, నెలకి 3.5 శాతం లెక్కన వడ్డీ 1,750, దాని మీద 18 శాతం జీఎస్టీ 315. కష్టపడి 2,500 కడితే అసలులో తగ్గేది 435 రూపాయలు. ఎంత క్రమశిక్షణ ఉన్నా ఆ లెక్క మారదు కదా!

"ముందుచూపు లేదు" అని కూడా రాశారు. తమిళనాడు చెరకు రైతుల మీద 2013లో వచ్చిన అధ్యయనంలో, కోతకి ముందు చేతిలో డబ్బులేనప్పుడు ఆలోచనాశక్తిని కొలిచే పరీక్షల్లో తడబడిన రైతులే కోత అయ్యాక బాగా చేశారు. మనిషి అదే, గుణమూ అదే.

మా తమ్ముడు ఈ మెసేజ్ చదివాకే ఇంట్లో నోరు విప్పడం మానేశాడు. మొన్న తిట్టకుండా పక్కన కూర్చుని, ఏ అప్పుకి వడ్డీ ఎంతో కాగితం మీద వేయిస్తుంటే, అప్పుడు బయటపెట్టాడు రెండో కార్డు సంగతి.