మూడొందల ప్లేట్ల ఆర్డర్ తీసుకోవాలా, వద్దా?

అక్కాతమ్ముళ్ళిద్దరిదీ హైదరాబాద్‌లో ఒకటే పాటరీ స్టూడియో, మట్టి వస్తువులు కాల్చడానికి ఉన్నది ఒకటే ఎలక్ట్రిక్ కిల్న్. ఒక రెస్టారెంట్ వాళ్ళు పది అంగుళాల ప్లేట్లు 300 అడిగారు, అన్నీ ఒకేలా ఉండాలి, రెండు నెలల గడువు. అక్క తీసుకుందామంటోంది, తమ్ముడు వద్దంటున్నాడు.

తమ్ముడు: 300 కావాలంటే 360 చేయాలక్కా. ఆరేటప్పుడు అడుగు పగిలేవి, అంచు వంకర తిరిగేవి, పైన పూసిన గాజులాంటి గ్లేజ్ కారి కిల్న్ షెల్ఫ్‌కి అతుక్కుపోయేవి తీసేయాలి కదా. మన మట్టి ఆరి కాలేసరికి నూటికి 12 వంతులు కుంచించుకుపోతుంది, అంటే పది అంగుళాలు రావాలంటే వీల్ మీద దాదాపు పదకొండున్నర లాగాలి, ప్రతిదీ కొలుచుకుంటూ. ఈ పని మిషన్ చేస్తుంది, నా కన్నా బాగా చేస్తుంది.

అక్క: మిషన్ ప్లేట్లు దొరక్కనా వాళ్ళు మన దగ్గరికి వచ్చింది? నీ చేతి సంగతే చెప్తా విను. మట్టి పరిచాక అడుగుని చెక్కతో మధ్య నుంచి అంచుకి, అంచు నుంచి మధ్యకి నొక్కకపోతే ఆరేటప్పుడు ఎస్ అక్షరంలా పగులుతుందని ఎన్నిసార్లు చెప్పినా నీకు ఎక్కలేదు. పోయిన ఏడాది ఆ 120 గిన్నెలు చేశాక చూశాను, ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఎవరితోనో మాట్లాడుతున్నావు, చేయి మాత్రం దాని పాటికి అది అడుగు నొక్కుతోంది. అది గిన్నెలు నేర్పిన పనే కదా?

తమ్ముడు: నేర్పాయి, కాదనను. కానీ ఆ తర్వాత నెల రోజులు ఏం మొదలుపెట్టినా గిన్నే వచ్చింది. జాడీ లాగుదామని కూర్చుంటే గోడ దానంతటదే బయటికి వాలిపోయేది. ఏడుపొచ్చేదక్కా, అబద్ధం కాదు.

అక్క: లూసీ రీ అని పేరున్న పాటర్, 1938లో వియన్నా వదిలి లండన్ చేరింది. యుద్ధకాలంలో బట్టలకి కుట్టే సిరామిక్ బొత్తాలు చేసి బతికింది. 1946లో హాన్స్ కోపర్ ఆమె దగ్గర పనికి చేరాడు, అప్పటికి అతనికి మట్టి పనే తెలియదు. బొత్తాలు, ఆ తర్వాత కప్పులు, సాసర్లు, గిన్నెలు, ఏళ్ళ తరబడి అదే పని. ఇప్పుడు ఇద్దరి పనీ మ్యూజియంలలో ఉంది.

తమ్ముడు: కోపర్ 1958లో అక్కణ్ణుంచి బయటపడ్డాడు, అది కూడా చెప్పు. పుదుచ్చేరిలో పాటర్ రే మీకర్‌ని చూడు, మట్టితో ఇల్లు కట్టి, ఆ ఇంటినే కిల్న్ చేసి, లోపల మంట పెట్టి గోడలతో సహా కాల్చాడు. ప్లేట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చునేవాడికి అలాంటి ఆలోచన వస్తుందా?

అక్క: అక్కడి తన స్టూడియో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీని మీకర్ 1971లో ఇంకో పాటర్ డెబొరా స్మిత్‌తో కలిసే కదరా మొదలుపెట్టాడు. ఒకే చోట కప్పులూ టీపాట్లూ తయారయ్యాయి, కాల్చిన ఇళ్ళ ఆలోచనా పుట్టింది. అంత దూరం ఎందుకు, మన తాత చేసినవన్నీ కుండలే కదా. అమ్మ ఇప్పటికీ మెడ తడిమి ఇది మా నాన్న చెయ్యి అని చెప్తుంది.

తమ్ముడు: ఆ మెడ తాత తన ఇష్టప్రకారం తిప్పుకున్నాడు. వీళ్ళు అంచు మందం మిల్లీమీటర్లలో రాసి డ్రాయింగ్ పంపారు.

అక్క: అది నాకూ నచ్చలేదు. అంచు మాకు వదిలేయమని అడుగుతా, కాదంటే ఆర్డరే వద్దు.

తమ్ముడు: నా అసలు టెన్షన్ కిల్న్ గురించి. నా ఆకుపచ్చ మ్యాట్ గ్లేజ్, అదే మెరవనిది, 1,220 డిగ్రీలకి వెళ్ళాక, దిగేటప్పుడు 1,100 నుంచి 900 దాకా గంటకి 50 చొప్పున, అంటే నాలుగు గంటలు నెమ్మదిగా చల్లారాలి. అప్పుడే అందులో సన్న స్ఫటికాలు పెరిగి ఆ వెన్నలాంటి నునుపొస్తుంది. అంత నెమ్మదిగా చల్లారిస్తే నీ తెల్ల గ్లేజ్ మెరుపు పోవచ్చు, కాబట్టి రెండూ కలిపి పెట్టలేం. ఒక్కసారికి 30 ప్లేట్లు పడతాయి, 360కి 12 సార్లు, గ్లేజ్ పూయకముందు చేసే బిస్క్ కాల్పులు వేరే. నా జాడీలకి చోటెక్కడ? ఒక్క కాల్పు తేడా కొడితే 30 ప్లేట్లూ పోయినట్టే. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అని, అంటే ఏడాది కష్టం ఒక్క దుడ్డుకర్ర దెబ్బకి పోతుందని, అమ్మ ఊరికే అనదు.

అక్క: ఆరు నెలల్లో నీ జాడీలు నాలుగు అమ్ముడయ్యాయి. బాగోలేక కాదు, ఒకటి నేనే కొనుక్కుని ఇంట్లో పెట్టుకున్నా. కానీ నాలుగు జాడీలతో అద్దె, కరెంటు బిల్లు ఎలా కట్టను? ఆ లెక్క రాసేది నేను, రాత్రిపూట నిద్ర పట్టనిదీ నాకే.

తమ్ముడు: నువ్వు కొన్నావా? నాకు చెప్పనేలేదు.

అక్క: చెప్తే డబ్బులు తీసుకోవు. సరే, ఈ ఆదివారం నీ జాడీలు నీ పద్ధతిలోనే కాల్చు, కింది షెల్ఫ్‌లో నా ప్లేటొకటి పెట్టు. మెరుపు తగ్గినా చూడ్డానికి బాగుంటే అదే వాళ్ళకి శాంపిల్‌గా చూపిస్తా. ఒప్పుకుంటే నీవీ నావీ కలిపే కాల్చుకుందాం.

తమ్ముడు: బాగోకపోతే?

అక్క: 150 మాత్రమే చేస్తామంటా. వారంలో మూడు రోజులు కిల్న్ నీది.

తమ్ముడు: నాలుగు.

అక్క: మూడు. నాలుగోది ప్లేటు బయటికొచ్చాక మాట్లాడదాం.